పడిన స్విచ్చిని లేపే ముందు

మన గోడపత్రికలో వరసగా కవితలే వస్తున్నాయి, ఈసారి ఎవరైనా ఇంటికి పనికొచ్చే సంగతి ఒకటి రాయండి అని మేడం అన్నప్పుడు నాకు మా యింటి మీటరు పెట్టె గుర్తుకొచ్చింది. నేను సైన్సు విద్యార్థినిని కాదు. పదో తరగతిలో కరెంటు పాఠం మార్కుల కోసం బట్టీపట్టి, పరీక్ష అయిన మర్నాడే మర్చిపోయినదాన్ని. ఇక్కడ రాసేది పోయిన ఏప్రిల్‌లో మా యింట్లో ఒక సాకెట్టు కాలిపోయిన తర్వాత నేర్చుకున్నది. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇదే పరిస్థితి ఉంటుందని నాకు గట్టి నమ్మకం.

మాది కౌల్ బజార్ పక్క. రెండు గదుల బాడుగ ఇల్లు. అమ్మ జీన్స్ ప్యాంట్ల పని ఇంటికే తెచ్చుకొని కుడుతుంది. ముందు గదిలో మోటరు మిషను, ఇస్త్రీపెట్టె, కూలరు, ఫ్రిజ్జు. వంటింట్లో గ్యాసు అయిపోయిన రోజుల్లో వాడే ఇండక్షన్ పొయ్యి. వీటన్నిటికీ గోడలో ఒకటే లైను, దానికి 10 ఆంపుల ఎంసీబీ ఒకటి. లైట్లకు, ఫ్యాన్లకు వేరే ఎంసీబీ ఉంది, దాని జోలికి నేను పోను.

ఎండలు ముదిరినప్పటినుంచి ఆ 10 ఆంపుల స్విచ్చి రోజుకు రెండు మూడుసార్లు పడడం మొదలైంది. మన మాట గమనించండి. టీవీలో "ట్రిప్ అయింది" అంటారు. పాఠ్యపుస్తకంలో లఘువలయం, విద్యుత్ ప్రవాహం లాంటి మాటలుంటాయి. మా వీధిలో మాత్రం తెలుగువాళ్లయినా కన్నడిగులైనా ఉర్దూ మాట్లాడేవాళ్లయినా పొద్దున లేస్తే వాడేది ట్రిప్ అన్న మాటనో, పడిపోవడం అన్న మాటనో. తెలుగులో "స్విచ్చి పడింది" అంటాం. మాట బాగుంది కానీ దానితో ఒక చిక్కుంది. పడింది అంటే ఎవరికైనా లేపాలనే అనిపిస్తుంది. మిషను దగ్గర్నుంచి కదలకుండానే అమ్మ "పడినట్టుందే, పోయి ఎత్తు పో" అనేది. నేను పోయి ఎత్తేదాన్ని. కాసేపటికి మళ్లీ పడేది. ఎందుకు పడింది అని ఒక్కరోజు కూడా మేం అడగలేదు.

పని ఆగిపోతోందని అమ్మకు దిగులు. కట్టలు చెప్పిన రోజుకు తిరిగి ఇవ్వకపోతే తరవాతి కట్ట వేరే వాళ్లకు పోతుంది. పాత తొక్కుడు మిషను ఉంది గానీ జీన్స్ గుడ్డ మడతలు దాని సూదికి లొంగవు. చివరికి మామకు ఫోన్ చేసింది. మామకు మాపైన ఉన్న ప్రేమకు లోటు లేదు. సాయంత్రం వచ్చి, పాత స్విచ్చి ఊడపీకి, 32 ఆంపులది పెట్టి, "ఇంక పడదులే అక్కా" అని కాఫీ తాగి పోయినాడు. నిజంగానే అది మళ్లీ పడలేదు. పది రోజులు మేం సంతోషంగా ఉన్నాం.

పదకొండో రోజో పన్నెండో రోజో, మధ్యాహ్నం ఇంట్లో చేపలు వేయిస్తున్న వాసన. పక్కింటివాళ్లు చేపలు తెచ్చుకున్నారనుకున్నాం. సాయంత్రానికి వాసన ఎక్కువైంది. వంటింటి సాకెట్టు చుట్టూ గోధుమరంగు మరక, చెయ్యి దగ్గరికి పెడితే వేడి. ప్లగ్గు లాగితే దాని పిన్ను ఒకటి నల్లగా, ప్లాస్టిక్కు కరిగి సాగి ఉంది. (తర్వాత తెలిసింది, సాకెట్ల ప్లాస్టిక్కు వేడెక్కితే చాలామందికి చేపల వాసనలాగే అనిపిస్తుందట. మీ యింట్లో చేపలు లేకుండా చేపల వాసన వస్తే మొదట గోడలు తడిమి చూడండి.) మెయిన్ ఆపేసి, ఆ రాత్రి చీకట్లో కూర్చున్నాం.

మర్నాడు మా వీధి చివర వైరింగు పని చేసే పెద్దాయన వచ్చినాడు. పెట్టె మూత తీయగానే ఆయన అడిగిన మొదటి మాట: "ఈ వైరుకు ఇంత పెద్ద స్విచ్చి ఎవురు పెట్నారమ్మా?" అమ్మ మాట్లాడలేదు. నేను మామ పేరు చెప్పలేదు.

ఆయన నన్ను కూర్చోబెట్టి లెక్క చేయించినాడు. తెలుగు మెయిన్ తీసుకున్న నాకు ఇష్టమైన లెక్క అదొక్కటే. ప్రతి సామాను వెనకా ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు. వాట్లను 230తో భాగిస్తే ఆంపులు. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు, అంటే 4.3 ఆంపులు. ఇండక్షన్ 2000 వాట్లు, 8.7 ఆంపులు. మిషను మోటరు 400, కూలరు 200, ఫ్రిజ్జు 150. అన్నీ ఒకేసారి నడిస్తే 3750 వాట్లు, సుమారు 16.3 ఆంపులు. లైను 10 ఆంపులది. ఇండక్షన్ లేకపోతే 1750 వాట్లు, 7.6 ఆంపులు. అంటే గ్యాసు ఉన్న రోజు స్విచ్చి నిలబడేది, గ్యాసు అయిపోయిన రోజు పడేది. మేం మాత్రం స్విచ్చి పాతదైపోయిందని తిట్టుకున్నాం.

వైరు ఎంత వేడెక్కుతుందనేది కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. 8 ఆంపులు పారే వైరులో 16 పారిస్తే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. మామూలు వైరు పైన ఉండే పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకు తట్టుకునేలా చేస్తారు. గోడలో గొట్టం లోపల ఉన్న వైరుకు గాలి తగలదు. అది మెత్తబడుతున్నట్టు బయట ఉన్న మనకు కనిపించదు.

ఆయన దగ్గర పాడైపోయిన ఎంసీబీ ఒకటి ఉంటే దాన్ని ఉలితో పగలగొట్టి చూపించినాడు. అందులో ఇంత సంగతి ఉంటుందని నేననుకోలేదు. రెండు వేరు వేరు లోహాలను అతికించిన సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఇంకొకటి తక్కువ. అందుకని పట్టీ వంగుతుంది. వంగి వంగి ఒక కొక్కేన్ని తోస్తుంది, స్విచ్చి పడుతుంది. ఎక్కువ సామాన్లు పెట్టినప్పుడు కొన్ని నిమిషాలు ఆగి పడేది దీనివల్లే. పక్కనే రాగి తీగ చుట్ట. రెండు వైర్లు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయితే వందల ఆంపులు ఒక్కసారిగా దూసుకొస్తాయి. పట్టీ వంగేదాకా ఆగితే కొంప అంటుకుంటుంది. అప్పుడు ఆ తీగచుట్ట అయస్కాంతమై, కన్ను మూసి తెరిచేలోగా లాగేస్తుంది. ఇంకా లోపల సన్నని ఇనుప రేకులు వరసగా పేర్చి ఉంటాయి. విడిపోయేటప్పుడు వచ్చే నిప్పురవ్వను ముక్కలు చేసి ఆర్పడానికి అవి.

స్విచ్చి పైన 10 అని రాసి ఉన్నా సరిగ్గా 10 దాటగానే పడదు. 11 ఆంపుల దాకా గంటసేపు ఓర్చుకుంటుంది. 14.5 ఆంపులైతే గంటలోపల పడి తీరాలి. అది ప్రమాణం. ఇంకొక సంగతి, ఈ లెక్క 30 డిగ్రీల వేడికి కట్టినది. మన బళ్లారి ఎండకు కాలిన గోడ మీది పెట్టెలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది, పట్టీ ముందే సగం వంగి ఉంటుంది. అందుకే ఎండాకాలంలో త్వరగా పడుతుంది. ఇదే లెక్క 32కు వేస్తే? 36 ఆంపుల దాకా అది కదలకపోవచ్చు. మా వైరు అప్పటికి ఎప్పుడో మాడిపోయి ఉండేది. స్విచ్చిని వైరుకు తగినట్టు పెడతారు, మన సామాన్లకు తగినట్టు కాదు. మామ పెద్ద స్విచ్చి పెట్టి మాకు ఎక్కువ కరెంటు తెచ్చిపెట్టలేదు, కాపలావాణ్ణి ఇంటికి పంపించేసినాడు.

మా అవ్వ ఇది విని నవ్వింది. వాళ్ల కాలంలో ఎంసీబీలు లేవు, తెల్ల పింగాణీ ఫ్యూజులు ఉండేవి. ఫ్యూజు పోతే తాత సన్నని ఫ్యూజు వైరు బదులు మామూలు రాగి పోగులు రెండు మూడు మెలిపెట్టి కట్టేవాడట, మళ్లీ పోకూడదని. మామ చేసింది అదే పని. పనిముట్టు మారింది, అంతే.

స్విచ్చి పడకుండా పుల్ల పెట్టి, దారంతో కట్టేసేవాళ్లు కూడా ఉన్నారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. మీట పైకి కట్టేసి ఉన్నా లోపల కొక్కెం ఊడి కరెంటు ఆగేలాగే వాటిని తయారు చేస్తారు.

ఇక్కడ గృహజ్యోతి గురించి ఒక మాట చెప్పాలి. 2023లో ఆ పథకం వచ్చినప్పటినుంచి నెలకు 200 యూనిట్ల లోపల వాడే ఇళ్లకు, ముందు సంవత్సరం సగటు వాడకానికి కొంత కలిపి, బిల్లు లేకుండా ఇస్తున్నారు. మాకూ సున్నా బిల్లే. "కరెంటు ఉచితమే కదా, అన్నీ పెట్టుకోవచ్చు" అని మా వీధిలో ఇండక్షన్లు, రాడ్లు పెరిగినాయి. కానీ యూనిట్టు వేరు, లోడు వేరు. మన పక్క రైతుల ఇళ్ల పిల్లలకు ఇది సులభంగా తెలుస్తుంది. తుంగభద్ర నీళ్లకు టీఎంసీలని ఒక లెక్క, క్యూసెక్కులని ఒక లెక్క ఉంటుంది కదా. పంట కాలమంతా ఎన్ని నీళ్లొచ్చినాయో టీఎంసీ చెబుతుంది, ఈ క్షణంలో కాలువలో ఎంత పారుతోందో క్యూసెక్కు చెబుతుంది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. మన వాటా టీఎంసీలు మిగిలి ఉన్నాయి కదా అని కాలువ పట్టనన్ని క్యూసెక్కులు వదిలితే గట్టు తెగుతుంది. యూనిట్టు అంటే టీఎంసీ, వాట్లంటే క్యూసెక్కులు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు నడిస్తే ఒక యూనిట్టు. 200 యూనిట్లు ప్రభుత్వం ఇస్తుంది గానీ గోడలో ఉన్న వైరు ఓనరు ఎప్పుడో వేయించినదే. మీ కరెంటు బిల్లు కన్నడంలో ఉంటుంది కదా, ఈసారి వస్తే పారేయకుండా చూడండి. మీ యింటికి మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో అందులో ఉంటుంది. మాది 1 కిలోవాటు. మేం వాడుతున్నది 3.75.

సరే, స్విచ్చి పడితే ఏం చెయ్యాలి? ఇప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను.

మొదట వీధిలో అందరికీ కరెంటు ఉందా అని చూస్తాను. లేకపోతే అది బయటి సంగతి, 1912కు ఫోన్ చేయొచ్చు. మీటరు దాటి ఇంట్లోకొచ్చిన తర్వాతి వైరింగు మాత్రం మన బాధ్యత, దానికి వాళ్లు రారు. వీధిలో కరెంటు ఉంటే, చెయ్యి తడి లేకుండా తుడుచుకొని, కాళ్లకు చెప్పులేసుకొని పెట్టె దగ్గరకు పోయి ఏది పడిందో చూస్తాను. కొన్నిటి మీట పూర్తిగా కిందికి రాదు, మధ్యలో ఆగుతుంది, చూడ్డానికి బాగానే ఉన్నట్టుంటుంది. వాసన వస్తోందా, ఏ సాకెట్టయినా వేడిగా ఉందా, నల్లబడిందా అని చూస్తాను. ఉంటే అక్కడితో ఆపేయాలి, ఎత్తకూడదు.

అలాంటివేమీ లేకపోతే ఆ లైనులో ఉన్న ప్లగ్గులన్నీ పీకేస్తాను. స్విచ్చి ఆపితే చాలదు, పీకాలి. తర్వాత మీటను పూర్తిగా కిందికి నొక్కి అప్పుడు పైకి ఎత్తాలి, మధ్యలోనుంచి ఎత్తితే కొన్ని నిలబడవు. ఏ ప్లగ్గూ లేకుండానే టప్పున పడిందంటే తప్పు గోడలో ఉంది. మళ్లీ మళ్లీ ఎత్తి చూడొద్దు, పనివాణ్ణి పిలవండి. నిలబడితే ఒక్కొక్క ప్లగ్గూ పెట్టుకుంటూ రావాలి. ఏదైనా ఒకటి పెట్టగానే పడిందంటే ఆ సామానే చెడిపోయింది. మా పిన్ని వాళ్లింట్లో ఇస్త్రీపెట్టె వైరు మెడ దగ్గర మెలిపడి చీలిపోయి ఉండింది, ఇలాగే దొరికింది. అన్నీ పెట్టినా నిలబడి, పది నిమిషాలకో అరగంటకో పడిందంటే ఏ ఒక్కదాని తప్పూ కాదు. అందరూ ఒకే బండి ఎక్కినారు, అంతే. ఎవరినో ఒకర్ని దింపాలి.

ఎవర్ని దింపాలో కూడా తెలుసుకోవాలి. మాలో చాలామంది ఫోన్ ఛార్జర్లు పీకేసి చాలా మేలు చేశామనుకుంటారు. హాస్టల్లో పదిమంది ఛార్జర్లు, ఒక్కొక్కటి 20 వాట్లనుకున్నా, అన్నీ కలిపి 200 వాట్లు. ఒక ఇస్త్రీపెట్టె దానికి ఐదింతలు. నీళ్లు కాచే రాడ్డు 1500 వాట్లు. వేడి పుట్టించే సామాన్లే కరెంటును ఎక్కువ తాగుతాయి. గాలి, వెలుతురు, మాట ఇచ్చేవి తక్కువ.

మా సాకెట్టు కాలడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇండక్షన్ పొయ్యికి లావు పిన్నుల పెద్ద ప్లగ్గు వచ్చింది, 16 ఆంపులది. మా వంటింట్లో ఉన్నది 6 ఆంపుల చిన్న సాకెట్టు. బజారులో ఒక మార్పిడి ప్లగ్గు కొనుక్కొచ్చి మధ్యలో పెట్టినాం. 8.7 ఆంపులు 6 ఆంపుల సాకెట్టు గుండా రోజూ పోయినాయి. పిన్నులు లూజయ్యేకొద్దీ తగిలే చోటు తగ్గి, ఆ ఒక్కచోటే వేడి పుట్టింది. ఆ ప్లగ్గును లావుగా ఎందుకు చేసినారో మేం ఆలోచించనే లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా అంతే. దానికి ఎన్ని రంధ్రాలున్నా అది గోడలోని ఒక్క సాకెట్టుకే తగిలించి ఉంటుంది.

ఇంతవరకు చెప్పింది వైరును కాపాడే స్విచ్చి గురించి. మనిషిని కాపాడేది వేరే ఉంది. ఈ తేడా నాకు అమెరికాలో ఉన్న మా పెదనాన్న కూతురి వల్ల తెలిసింది. సాకెట్టు కాలిన సంగతి చెబితే "మా దగ్గర అయితే అవుట్‌లెట్టే ట్రిప్ అవుతుంది" అనింది. అక్కడ స్నానాలగదిలో, వంటింట్లో సాకెట్టుకే రెండు చిన్న బటన్లుంటాయట. కరెంటు ఎక్కడైనా నేలలోకో మనిషిలోకో కారితే, సుమారు 5 మిల్లీ ఆంపులకే అది ఆగిపోతుంది. బటన్ నొక్కితే మళ్లీ వస్తుంది. ఒకసారి వాళ్ల గ్యారేజీలో కరెంటు పోయిందని అంతా వెతికితే, స్నానాలగదిలోని సాకెట్టు పడి ఉందట, దాని వెనకనుంచే గ్యారేజీకి వైరు పోయింది. మనకు ఆ పని చేసేది పెట్టెలో ఉండే ఆర్‌సీసీబీ. ఎంసీబీ కన్నా వెడల్పుగా, "టీ" అని రాసిన చిన్న బటన్‌తో ఉంటుంది. ఇంట్లోకి పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది ఎప్పుడూ సరిచూస్తుంటుంది. ఇళ్లలో పెట్టేదైతే తేడా 30 మిల్లీ ఆంపులు రాకముందే ఆపేస్తుంది. నెలకొకసారి ఆ బటన్ నొక్కితే అది పడాలి. పడకపోతే అది పనిచేయడం లేదు.

దీని అవసరం ఒక్క లెక్కలో తెలుస్తుంది. 10 ఆంపులంటే 10,000 మిల్లీ ఆంపులు. ఒక మనిషి గుండె ఆగడానికి 100 మిల్లీ ఆంపులు చాలు. ఎంసీబీకి ఆ 100 కనబడనే కనబడవు. మన ఊర్లో ఎండాకాలమంతా ఇనుప డొక్కు కూలర్లు నడుస్తాయి, లోపల నీళ్లు, నీళ్లలో మోటరు, చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గు, అంటే ఎర్తు లేదు. నీళ్లు పోసేటప్పుడు స్విచ్చి ఆపి ప్లగ్గు పీకి పోయండి. కూలరు పెట్టగానే ఆర్‌సీసీబీ పడుతోందంటే దాన్ని తిట్టుకోకుండా కూలరును బాగుచేయించండి. ఎవరికైనా షాకు కొడితే మనిషిని పట్టుకోకుండా మొదట మెయిన్ ఆపాలి. మంట వచ్చినా అంతే, మెయిన్ ఆపకముందు నీళ్లు పోయకూడదు. ఇంట్లో చిన్నపిల్లలకు కూడా మెయిన్ స్విచ్చి ఎక్కడుందో చూపించి పెట్టండి. మా తమ్ముడికి ఎనిమిదేళ్లు, వాడికి అందేలా ఒక స్టూలు పెట్టినాం.

మా యింటి సంగతి పూర్తి చేస్తాను. పెద్దాయన కాలిన సాకెట్టు, దాని వెనక మాడిన రెండు మూరల వైరు తీసేసి కొత్తది వేసి, 32 ఆంపులది తీసి మళ్లీ 10 ఆంపులదే పెట్టినాడు. వంటింటికి మీటరు దగ్గర్నుంచి వేరే లైను, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 16 ఆంపుల సాకెట్టు వేయాలన్నాడు. మంజూరైన లోడు కూడా పెంచుకోవాలి. ఆర్‌సీసీబీ లేదు, అది కూడా పెట్టాలి. ఖర్చు ఎవరిదని ఓనరమ్మతో నెల రోజులు మాటలు నడిచినాయి. సగం సగం అని ఒప్పుకుంది, దసరా తర్వాత చేయిస్తానంది. అప్పటిదాకా ఫ్రిజ్జు తలుపు మీద ఒక కాగితం అంటించినాను: ఇస్త్రీ ఉంటే ఇండక్షన్ లేదు, ఇండక్షన్ ఉంటే ఇస్త్రీ లేదు. ఆ మూడు రోజులకు అమ్మ చేతికి రావాల్సిన కట్ట వేరేవాళ్లకు పోయింది. మామ మళ్లీ వచ్చినప్పుడు ఆ కాగితం చదివినాడు, ఏమీ అనలేదు.

నిన్న సాయంత్రం మళ్లీ పడింది. అమ్మ "ఎత్తు పో" అనలేదు. "ఏందేంది ఆన్‌లో ఉందో చూడు" అనింది. ముందు గదిలో ఇస్త్రీపెట్టె, వంటింట్లో ఇండక్షన్ మీద పాలు. పాలు పెట్టింది నేనే.